పైడమ్మ దవడ పట్టేసిన సంగతి

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, వానలు మొదలైన రోజుల్లో, నన్ను చక్రధర్‌పూర్ నుంచి ఖరగ్‌పూర్ రైల్వే ఆసుపత్రికి సీనియర్ ఫిజియోథెరపిస్టుగా బదిలీ చేశారు. చేరిన మొదటి వారంలోనే నాకొకటి అర్థమైంది. ఇక్కడ నా డిగ్రీకన్నా నా తెలుగుకే గిరాకీ ఎక్కువ. తాతల నాడు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వర్క్‌షాపులో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు మరి. బజారులో బెంగాలీ, ఆఫీసులో హిందీ దంచేస్తారు గానీ, నొప్పి దగ్గరికి వచ్చేసరికి తెలుగే కావాలి. సలుపుకూ పోటుకూ, పీకుడుకూ గుంజుడుకూ తేడా ఇంకో భాషలో చెప్పమంటే ఎవరి తరం?

అలా వచ్చినావిడే పైడమ్మ. నిమ్‌పురా క్వార్టర్లలో ఉండేది. వయసు డెబ్బై దగ్గర. భర్త రైల్వేలో బాయిలర్ పని చేసి, ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. ఆయన పేరు మీద ఉన్న మెడికల్ కార్డుతో వైద్యం చేయించుకునేది. కొడుకు అప్పలరాజు వర్క్‌షాపులో టెక్నీషియన్. నా దగ్గరికి వెంటబెట్టుకుని వచ్చింది మాత్రం కోడలు గౌరి.

పైడమ్మకు దవడ పట్టేసింది. చెవి ముందు భాగాన, కింది దవడ పుర్రెకు అతుక్కునే చోట ఒక కీలు ఉంటుంది. నమిలినా, ఆవులించినా, అరిచినా కదిలేది అదే. అది సరిగా పనిచేస్తోందా లేదా అని చూడడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. ఎవరి చేతి మూడు వేళ్లు నిలువుగా వాళ్ల నోట్లో పడితే బాగున్నట్టు. పైడమ్మకు ఒక వేలు పడితే గొప్ప. అన్నం గంజిలా పిసికి పెడితే జుర్రుకుంటోంది.

మా డెంటల్ సర్జన్ చురుకైన బెంగాలీ అమ్మాయి. ఎక్స్‌రే తీయించి, కీలు అరగలేదని తేల్చింది. పొగ తాగుతారా అని అడిగితే తల్లీ కొడుకూ ఇద్దరూ లేదన్నారు. లోపల చూద్దామంటే ఆ ఒక్క వేలి సందులో అద్దం తిరగలేదు. కండరాలు బిగుసుకున్నాయి, కాపడం పెట్టి మర్దన చేయండి, నోరు కాస్త తెరుచుకున్నాక మళ్లీ పంపండి అని నాకు రాసింది. అక్కడితో ఊరుకుంటే ఈ కథే ఉండేది కాదు. మనసులో దిగులున్నా కొందరు పళ్లు బిగబట్టి నిద్రపోతారు, ఇంట్లో ఏమైనా ఉంటే చూసుకోండి అని అప్పలరాజుతో ఒక మాట అంది. వైద్యపరంగా ఆ మాటలో తప్పు లేదు.

కానీ అత్తగారికి దిగులంటే, మన లోకంలో దానికి కారణం ఎవరో వేరే చెప్పాలా? క్వార్టర్ల వరసంతా ఒక్క పూటలో తీర్పు చెప్పేసింది. గౌరి సాయంత్రాలు ఖరిదా బజారులో టిఫిన్ బండి పెట్టేది. పునుగులు, గారెలు, అల్లం చట్నీ. హిజ్లీ వైపు కాలేజీ హాస్టళ్ల నుంచి మన తెలుగు పిల్లలు సైకిళ్ల మీద వచ్చి వరస కట్టేవాళ్లు. తనకంటూ ఉన్నది ఆ బండి ఒక్కటే. ముసలిదాన్ని ఒంటరిగా ఇంట్లో పడేసి కోడలు బజార్న కూర్చుంటే దిగులు కాక ఏమవుతుందన్నారు. నెలాఖరుకు బండి ఎత్తేయమన్నాడు మొగుడు. పైడమ్మ గట్టిగా తల ఊపింది. నోరు తెరవలేదు గానీ, తల ఊపడానికి అడ్డేముంది!

గౌరి నన్ను వరండాలో పట్టుకుంది.

“మేడమ్, అత్త నోరు తెరుసుకుంటే నా బండి ఉంటాది. నేదంటే నేదు. బండి తీసీసినాక కూడా నొప్పి తగ్గకపోతే ఏటి సేస్తారు? అప్పుడు నన్ను తీసెస్తారేటి?”

మొహం నవ్వుతూనే ఉంది. కళ్లు మాత్రం నవ్వడం లేదు. నాకు ఒళ్లు మండింది. ఆ మంటంతా పనిలో పెట్టాను.

పద్ధతి ఇదీ. ముందు తడి వేడి కాపడం. తర్వాత చెంప ఎముక కింద వేళ్లు ఆనించి, గుండ్రంగా తిప్పుతూ దవడ మూల దాకా కిందికి దించాలి. కణతల మీదా అంతే. ఆఖరున గ్లవ్ వేసుకుని బొటనవేలు చెంప లోపలికి పోనిచ్చి, బయట మిగతా వేళ్లతో పట్టి, ముడిపడిన కండరాన్ని మెల్లగా వదులు చేయాలి. ఇది సుఖంగా ఉండదు. పైడమ్మ మూలుగుతూనే నా ఏడు తరాలనూ తలుచుకుంది. నోరు మూసుకుపోయింది కాబట్టి ఏమందో నాకు తెలియదనుకుంది పాపం.

వింతేమిటంటే, మర్దన అయ్యాక నోరు రెండు వేళ్లు తెరుచుకునేది. మళ్లీ వచ్చేసరికి ఒకటిన్నరకు దిగిపోయేది. నిద్రలో పళ్లు నూరేవాళ్లకు పొద్దున్నే బిగుతు ఎక్కువ. అడిగితే, ఈవిడకు సాయంత్రం దాటాక పట్టేస్తోందని తేలింది. సాయంత్రాలు ఈవిడ నోటితో ఏం చేస్తోంది? మాట్లాడదామన్నా ఇంట్లో మనిషి ఉండదు కదా!

ఒకరోజు మర్దన బాగా పనిచేసి నోరు కాస్త ధారాళంగా తెరుచుకుంది. టార్చి వేసి అంగిట్లోకి చూశాను. తెల్లగా మందం కట్టి, మధ్య మధ్య ఎర్రటి చుక్కలు. అటుకుల మీద కారం చల్లినట్టుంది. ఒక్క క్షణం మా నాయనమ్మ గుర్తొచ్చింది. మా వైపు ఆడవాళ్లకు అడ్డపొగ అని ఒక అలవాటుంది. చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోటి లోపల పెట్టుకుని, పెదవులు మూసి పీలుస్తారు. నిప్పు నాలుకకు తగలకుండా దవడను గంటల తరబడి కదలకుండా బిగించి పట్టుకోవాలి. ఎదురుగా కూర్చున్నవాడికి నిప్పు కనిపించదు.

ఆ రోజు తోడు వచ్చిన అప్పలరాజును టీ తాగి రమ్మని పంపేశాను.

“అడ్డపొగ ఎన్నాళ్ల నుంచి పిన్నీ?” అన్నాను.

“ఓలమ్మో! నోట్లో కూడా కళ్లెట్టీసినావేటి తల్లీ?”

“డాక్టరమ్మకు లేదని ఎందుకు చెప్పావు?”

“పక్కన నా కొడుకుండగా ఎలగ సెప్తాను? ఆల నాన పోయినప్పుడు సుట్ట ముట్టనని ఆడి నెత్తి మీద సెయ్యెట్టి ఒట్టేసినాను.”

గుట్టంతా బయటపడింది. కోడలు బండికి వెళ్లగానే, కొడుకు డ్యూటీ దిగి వచ్చేలోగా, పెరట్లో బట్టలుతికే రాయి మీద కూర్చుని పని కానిచ్చేది. నేను మళ్లీ చెంప మీద వేళ్లు ఆనించాను. ఏదో ఊసుపోక అన్నట్టు, “నెలాఖరు నుంచి గౌరి సాయంత్రాలు ఇంట్లోనే ఉంటుందట కదా పిన్నీ, నీకు మంచి తోడు” అన్నాను.

అన్ని రోజుల మర్దనకూ లొంగని దవడ ఆ ఒక్క మాటకు జారిపోయింది. అప్పుడు కొలిచి ఉంటే మూడు వేళ్లూ పట్టేవి.

నవ్వు ఆపుకుని, చెప్పవలసినవి చెప్పాను. అంగిట్లో చూసింది నేను డాక్టరుకు తెలియజేయక తప్పదు, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి, ఈ అలవాటుతో అక్కడ పుండు పడి క్యాన్సర్ దాకా పోవచ్చు. రోగి సంగతి రోగి ఒప్పుకోకుండా ఇంట్లోవాళ్లకు చెప్పకూడదన్నది మా నియమం కాబట్టి కొడుకుకు నా నోటి నుంచి తెలియదు. చుట్ట మానకపోతే మాత్రం నేను ఎంత పిసికినా నోరు తెరుచుకోదు. పైడమ్మ భయపడింది. నిజంగానే భయపడింది. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదలలేదు.

అప్పలరాజు టీ తాగి లోపలికి వచ్చాడో లేదో, రెండు వేళ్ల సందులోంచే గట్టిగా చెప్పింది.

“ఒరే, ఆ బండి తియ్యడానికి నేదు. ఆ గుంట పొద్దస్తమానం నా కళ్లెదట తిరుగుతాంటేనే నాకు దిగులు. సాయంత్రం పూటైనా పేణానికి హాయిగా ఉండనీరా.”

అతను నోరు తెరిచి తల్లిని చూశాడు, నన్ను చూశాడు. తర్వాత “ఠీక్ హై” అన్నాడు. పాపం ఇంకేమంటాడు! క్వార్టర్ల వరస ఈ కొత్త తీర్పును కూడా అంతే నమ్మకంతో ఒప్పుకుందట.

ముక్క పరీక్షలో చెడు ఏమీ లేదు. అయినా ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలని డాక్టరు కట్టడి చేసింది. చుట్ట మానాక దవడ మళ్లీ మళ్లీ పట్టేయడం ఆగింది. కొన్ని వారాలకు మూడు వేళ్లూ పట్టాయి. ఆ పై వారమే నన్ను తిట్టింది కూడా, ఈసారి స్పష్టంగా.

గౌరి ఒకరోజు వేడి వేడి పునుగుల పొట్లం పట్టుకొచ్చింది. నేను కొంచెం గొప్పగానే, మీ అత్తగారి మనసు మారింది కదా అన్నాను. ఆమె పకపకా నవ్వింది.

“మరేటనుకున్నారు మేడమ్? ఆల్లు మర్దన సేసే ఆ ఇంకో బెంగాలీ దాదా దగ్గరికి పంపబోతాంటే, కాదు తెలుగు మేడమ్ దగ్గరికే రాయమని డాక్టరమ్మని బతిమాలినాను. ఆయనకి అడ్డపొగ అంటే ఏటి తెలుసు? అత్త సీరలు ఉతికేదాన్ని నేను. కొంగుకి కాలిన కన్నాలు నాకు కనబడవేటి?”

“మరి ముందే నాకు చెప్పొచ్చు కదా?”

“కోడలు సెప్తే సాడీ అవుతాది మేడమ్. మీరు సూసి సెప్తే వైద్దిగం.”

నేను పొట్లం విప్పి పునుగులు తిన్నాను.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, దవడ నొప్పితో మన వైపు పెద్దామె ఎవరు వచ్చినా పొగ తాగుతారా అని అడగలేదు. ముందు కొడుకులను టీకి పంపేదాన్ని. నిప్పు కొస లోపలికా, బయటికా అని అడిగేదాన్ని. వెంట వచ్చిన కోడలిని మాత్రం ఏమీ అడిగేదాన్ని కాదు. ఆమె చెప్పాల్సింది, అత్తను నా దగ్గరికే తీసుకురావడంతో చెప్పేసినట్టే.