పేడపురుగు తాయెత్తు

ఓర్వకల్లులో బస్సెక్కి నా పక్కన కూర్చున్న నడివయసామె, నా పుస్తకంలోని బొమ్మ మీద వేలు పెట్టింది.

"ఇది పేడపురుగు గదప్పా?"

"అవునక్కా. పాతకాలపు ఈజిప్టులో రాతితో దీన్ని చేసి, చనిపోయినవాళ్ల గుండె మీద పెట్టేవాళ్లు. పైలోకంలో తీర్పు జరిగేటప్పుడు సొంత గుండే ఎదురు తిరిగి సాక్ష్యం చెప్పకుండా కాపాడే తాయెత్తు."

ఆమె పకపకా నవ్వింది. "గుండె నోరు మూసేకి తాయెత్తా! శానా తెలివిమంతులే."

కర్నూలు కోర్టు దగ్గర లేచి, మణికట్టుకున్న కొత్త నల్లదారం చూపించింది.

"ఇదీ అట్లాంటిదే. మంచి జరుగుతాదని పొద్దున మా మరిది కట్టినాడు. నా నోరు లేయకూడదని వాని ఆశ. వాని మీదనే సాక్ష్యం చెప్పేకి పోతాండా."

దారాన్ని పళ్లతో కొరికి తెంపి, పేడపురుగు బొమ్మ మీద పెట్టి, పుస్తకం తనే మూసి దిగిపోయింది.

దారం ఇప్పటికీ ఆ పేజీలోనే ఉంది.