కుంతల ఉపవాసాలు

మార్గశిరంలో చివరి గురువారం పొద్దున కుంతల డాబా మీద పాత చీర పరిచి, బూడిదగుమ్మడి కలిపిన మినప్పిండితో వడియాలు పెట్టింది. కాఠజోడి నది మీది మంచు డాబాను సగం మింగేసింది. ఆ తెల్లదనంలో అక్క వేళ్లు మాత్రమే ఉన్నట్టు, మిగిలిన మనిషి ఎక్కడో ఉన్నట్టు ఇతిశ్రీకి అనిపించింది.

"ఇతీ, కాస్త ఉప్పు చూడవే."

"నీ నాలుకను కటక చండీకి మొక్కేశావా అపా? ప్రతిసారీ నేనేనా?"

"నాకు ఉపవాసం కదే."

ఆ మాటకు ఆ ఇంట్లో ఎదురుండేది కాదు. మూడేళ్ల కిందట కార్తికంలో కుంతల హబిస పట్టింది. రోజుకు ఒక్కపూట, పసుపు తగలని పచ్చిబియ్యపు అన్నం. ముసలివాళ్లు పట్టే నియమం ఇరవైరెండేళ్ల పిల్ల పట్టిందని, పినతండ్రి భార్య సౌదామిని ఖుడీ వీధంతా చాటింది.

"మా పిల్లను చూసి నేర్చుకోండమ్మా! మీ కోడళ్లు ఏకాదశినాడు తలుపు చాటున మినప బరాలు తింటారు."

కార్తికం వెళ్లింది. ఉపవాసం వెళ్లలేదు. సోమవారాలు, గురువారాలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని వచ్చాయి. గాజులు మోచేతి దాకా జారాయి. దండం పెట్టినవాళ్లే గాని, నీకేమైందని అడిగినవాళ్లు లేరు.

చివరికి ఈ మార్గశిరం మొదట్లో ఇతిశ్రీయే అక్కను ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడ యంత్రంలో పడుకోబెట్టి, తిండి బొమ్మలు చూపిస్తూ మెదడు ఫోటోలు తీశారు. డాక్టరమ్మ కాగితం మీద బాణం గీసి చెప్పింది.

"రసగుల్లా కనబడితే మన మెదడు తినమంటుంది. మీ అక్క మెదడులో భయం లేస్తుంది. అది ఆకలి నోరు నొక్కేస్తుంది. ఇది మొండితనం కాదు, భక్తీ కాదు. రేపే చేర్పించండి."

ఇంట్లో ఖుడీ కొట్టిపారేసింది. "ఆకలే లేనిదానికి భయమేమిటే? నోము మధ్యలో విడిస్తే లక్ష్మి గడప దాటిపోతుంది. మార్గశిరం అయిపోనీ. ఈలోగా ఛెనాపోడ కాలుస్తా, వాసనకే లేచొస్తుంది."

కాలిన పాలవిరుగుడు, చక్కెర, నెయ్యి వాసన ఇల్లంతా మెత్తగా పరుచుకుంది. కుంతల కళ్లు మూసుకుని, దూరాన వినబడే పాటేదో వింటున్నట్టు నిలబడింది. తర్వాత ముక్కలు కోసి అందరికీ పెట్టింది.

"నువ్వో?"

"ఆకలి లేదు ఖుడీ."

ఇతిశ్రీ ఆ మాట నమ్మింది. నెల రోజులే కదా అని ఊరుకుంది.

ఆ గురువారం మధ్యాహ్నం, వడియాలు ఒకవైపైనా ఎండకముందే, డాబా మెట్ల మీద కూర్చున్న కుంతల గుండె ఆగిపోయింది.

మాఘంలో ఇతిశ్రీ ఆసుపత్రికి వెళ్లి ఫైలు తెచ్చుకుంది. యంత్రంలోకి వెళ్లేముందు కుంతల నింపిన కాగితం అందులో ఉంది. ఇప్పుడు ఎంత ఆకలిగా ఉంది అని ప్రశ్న. కింద సున్నా నుంచి పది దాకా అంకెలు.

కుంతల పది చుట్టూ గీత గీసింది.