మా తెరలు చూడని కాక

తెలియని నంబరు నుంచి పొద్దున్నే పదే పదే ఫోన్ వస్తుంటే కట్ చేస్తూ పోయాను. అప్పిస్తామనో, బీమా చేయించుకోమనో రోజూ ఎవరో ఒకరు నా పేరు పెట్టి మరీ పిలుస్తుంటారు. నా నంబరు మీకెవరిచ్చారని అడిగీ అడిగీ నోరు నొప్పి పుట్టింది. చివరికి తిట్టడానికే ఎత్తాను.

"అక్కా, నాయిన పోయిండు" అన్నాడు అవతల నెట్ సెంటర్ కాక కొడుకు.

మీలో పటాన్‌చెరు వైపు పనిచేసినవాళ్లుంటే కాకను చూసే ఉంటారు. మొదట్లో ఎస్టీడీ బూత్ నడిపాడు. అద్దాల గదిలో ఎవరి గొంతు వణికినా బయట రేడియో పెద్దగా పెట్టేవాడు. పాటల పిచ్చి అనుకునేదాన్ని. లోపలివాళ్ల ఏడుపు మాకు వినపడకూడదని అలా చేసేవాడట. అందరి జేబుల్లోకీ ఫోన్లు వచ్చాక బూత్ తీసేసి, అదే గదిలో చెక్క అడ్డాలు కట్టించి కంప్యూటర్లు పెట్టాడు.

అప్పటికి మా అందరికీ ఈమెయిల్ కొత్త. ఇస్మాయిల్‌ఖాన్‌పేట నుంచి వచ్చే ఒక లారీ డ్రైవరు గది మొత్తం వినేలా అరిచాడు: "కాకా, నా పాస్‌వర్డ్ దుర్గాభవాని. జెర యాదికుంచుకో, నేను మర్చిపోత."

కాకకు ఎక్కడలేని కోపం వచ్చింది. "నేనెందుకు యాదికుంచుకోవాలె? నీ నోట్లకెళ్లి బయటవడ్డది, ఇగ అది ఎంగిలే. మార్చు, జల్దీ!"

"అమ్మవారి పేరు ఎంగిలెట్లయితది కాకా?"

"అమ్మవారికేం గాదు. నీకే అయితది పరేషాన్. మార్చు!" అని గోడవైపు తిరిగి నిలబడ్డాడు. డ్రైవరు కొత్తది కొట్టేదాకా ఇటు తిరగలేదు.

ఎవరు లేచి వెళ్లినా, వాళ్లు చూసినవన్నీ ఆ కంప్యూటర్లో చెరిపేసేవాడు. రోజంతా అదే పని. విసుగు రాదా అని ఒకసారి అడిగాను.

"వస్తది. ఒకరు తిని లేచిన ఇస్తరి ముందట ఇంకొకర్ని కూసోబెడ్తమా మరి?" అన్నాడు నడుం పట్టుకుని.

ఆ రోజుల్లో నేను గుమ్మడిదల దగ్గర ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పనిచేసేదాన్ని. ఆ మందుల ఘాటుకు పొద్దస్తమానం దగ్గే. వేరేచోట ల్యాబ్ ఉద్యోగానికి కాక సెంటర్ నుంచే దరఖాస్తు పంపాను. ఆ సంగతి మా కంపెనీలో తెలిస్తే ఆ రోజే గేటు బయటికి తోసేస్తారు. ఇల్లు గడిచేది నా జీతం మీదే.

ఎవరు చెవిన వేశారో, ఒక సాయంత్రం మా సూపర్‌వైజర్ సెంటర్‌కు వచ్చాడు. నేను చెక్క అడ్డం వెనకే ఉన్నాను.

"మా ప్యాకింగ్ పిల్ల ఈడికొచ్చి ఏం పంపుతుంది? కంపెనీ జిరాక్సులన్నీ నీకే ఇస్తున్నం, యాదుంచుకో" అన్నాడు.

"ఈడ కూసున్నోళ్ల ముఖం సూస్త గని, తెర సూడ సారూ" అన్నాడు కాక.

"సూడకుంట దుకాణం ఎట్ల నడుస్తదయ్యా?"

"సూస్తెనే నడవది."

మర్నాటి నుంచి కంపెనీ జిరాక్సులు ఆయన దగ్గరికి రాలేదు. పక్క దుకాణం వాళ్లు చెప్తే విన్నాను తప్ప, కాక నా ముందు ఆ మాటే ఎత్తలేదు. తలుచుకుంటే ఇప్పటికీ కళ్లు తడుస్తాయి. ఇవాళ చీర కొన్నా నంబరు రాయమంటారు, లక్కీ డ్రా అని పుట్టినరోజు అడుగుతారు. వాదించే ఓపిక లేక రాసిచ్చేస్తాను. కాకకు మాత్రం ఎక్కడిది అంత ఓపిక! ఆయనా అలసిపోయే ఉంటాడు. అలసిపోయి కూడా మమ్మల్ని ఎవరికీ అప్పగించలేదు.

కొన్నాళ్లకు జవాబు వచ్చింది. తెర మీద నా పేరు, ఉద్యోగానికి ఎంపికయ్యానన్న మాట. కాకను కేకేశాను.

"నీ ఉత్తరం నీదే బిడ్డా. నోటితోని చెప్పు, వింట" అన్నాడు కుర్చీలోంచే.

"నోరు పెగుల్తలేదు కాకా. నేనే సూడమంటున్న గద, రా!"

అప్పుడు లేచాడు. ఆ సెంటర్‌లో ఆయన ఇంకొకరి ఉత్తరం చదవగా నేను చూసింది ఆ ఒక్కసారే. కళ్లద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, తెర ముందు వంగి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ నా పేరు పైకి చదివాడు.