లోపలి కుట్టు

రెండు ఆపరేషన్ల తర్వాత, మూడో కాన్పయినా మామూలుగా కావాలని కోరుకోవడం ఆశా, మొండితనమా? నాకిప్పటికీ తేలలేదు. మా వీధిలో బట్టలు కుట్టే ఆవిడకి ఏడో నెల. ఎవరు ఏ బట్ట తెచ్చినా ముందు తిరగేసి లోపలి కుట్టు చూస్తుంది. పెదాల మధ్య గుండుసూదులు బిగించుకుని కబుర్లు చెబుతుంది. లేచేటప్పుడు మాత్రం ఒక చేత్తో మిషను పట్టుకుని, రెండో అరచెయ్యి పొత్తికడుపు మీది పాత కోతకి అదుముకుంటుంది. మొన్న అత్తగారితో ఆస్పత్రికి వెళ్ళింది. డాక్టరమ్మ పాత కాగితాలు చూసి, "మొదటిసారి కోత అడ్డమా, నిలువా?" అంది.

"అడ్డమేనండీ, కనిపిస్తోందిగా."

"పైది కాదమ్మా, లోపల గర్భసంచి మీదది. నిలువైతే నొప్పులకి విడిపోవచ్చు. ఇందులో రాయలేదు. అది తెలియకుండా మామూలు కాన్పుకి నేను ఒప్పుకోలేను."

"ముచ్చటగా మూడోది కూడా కోయించేసుకోవే, పీడా పోతుంది," అంది అత్తగారు.

"మీకేం, అత్తయ్యా! రెండుసార్లూ నెల దాకా బిడ్డని ఎత్తుకోలేక ఏడ్చింది నేను." తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగింది. "ఊళ్ళోవాళ్ళ జాకెట్లకి లోపల ఏ కుట్టు వేశానో పుస్తకంలో రాసుకుంటానండీ నేను. నా కడుపు కోసినవాళ్ళకి ఒక్క ముక్క రాయడానికి చెయ్యి రాలేదా?"

డాక్టరమ్మ ఆపరేషన్ తేదీ కోసం క్యాలెండర్ అందుకుంది. ఈవిడ ఆ మొదటి ఆపరేషన్ కాగితం తీసుకుని, అలవాటు కొద్దీ తిరగేసి చూసింది. వెనక తెల్లగా ఉంది. గేటు దగ్గర కాపలా మనిషికి కూడా "వస్తానండీ" అని చెప్పే మనిషి, ఆరోజు ఎవరికీ ఆ మాట చెప్పకుండానే వెళ్ళిపోయింది.