ఉయ్యాలబల్లకి ఇత్తడి టోపీలు

మా చిన్నప్పుడు... నాన్నగారు అమలాపురం బస్సు దిగి వస్తుంటే, ఆయనకంటే ముందు భుజం మీద గోనెసంచి వినపడింది... గలగలా! అందులో ఉన్నవి ఉయ్యాలబల్లకి ఇత్తడి గొలుసులు.

చిన్నత్తయ్యకి పెళ్ళి కుదిరింది. రేపు కూతురికి పుట్టే పిల్లలు ఊగడానికి పుట్టింట్లో ఉయ్యాల ఉండాలని మామ్మ పట్టు పట్టింది. మామ్మంటే నాన్నగారి అమ్మ. ఆవిడ పట్టు పడితే ఇంక తిరుగులేదు.

పెరట్లో పనసచెట్టు కోయించేరు. వడ్రంగి అబ్బులు గారు బల్ల చేసి, నాలుగు మూలలా గొలుసులు తగిలించే ఇనప బోల్టులు దూర్చేరు. అది చూసి మామ్మ మొహం మాడ్చుకుంది.

"శుభమా అని ఉయ్యాల కట్టుకుంటుంటే ఈ నల్ల ఇనుమేంటయ్యా?"

"బరువాగాలి కదండీ, లోపల ఇనుమే ఉండాలండి. కనపడకుండా పైన ఇత్తడి టోపీలు బిగించేస్తానండి. ఆయ్!"

ఇద్దరి మాటా నెగ్గింది. ఇనుము ఇంకెవరికీ కనపడలేదు... ఆ కనపడకపోవడమే మా కొంప ముంచబోయింది.

కాట్రేనికోన వైపు నుంచొచ్చే సముద్రపు ఉప్పుగాలికి కొత్త మేకులే ఎర్రబారే ఊరు మాది. దానికితోడు మామ్మ! ప్రతి గురువారం బిందెలతో పాటు ఆ టోపీల్ని కూడా చింతపండూ ఉప్పూ వేసి తోమేది. తళతళా మెరిసిపోయేవి. ఆ పులుపునీళ్ళు అంచుల్లోంచి ఎక్కడికి దిగుతున్నాయో ఎవరం చూళ్ళేదు...

రెండు మూడేళ్ళకి చిన్నత్తయ్య పురిటికొచ్చింది. బుజ్జిగాడు పుట్టేడు. పగలంతా వాడు ఉయ్యాల మీదే.

ఓరోజు నేను బల్ల కింద పడుకుని ఆడుకుంటుంటే, అడుగున ఓ మూల ఎర్రటి మరక కనపడింది. మామ్మని పిలిచి చూపించేను.

"చింతపండు మరకే... లే, ఒళ్ళంతా దుమ్ము!" అని కసిరింది.

తర్వాత చప్పుడు మొదలైంది. కిర్ర్... కిర్ర్... నాన్నగారు కొబ్బరినూనె పోసేరు. చప్పుడు పోయింది, అందరూ నిశ్చింతగా ఉన్నారు. నేను మాత్రం మళ్ళీ ఆ మూల కింద పడుకోలేదు.

ఓ పొద్దున్న మామ్మ బుజ్జిగాడికి నీళ్ళుపోసి, సాంబ్రాణి వేసి, తువ్వాల్లో చుట్టి తెస్తోంది. ఊరుకోలేక నేను ఉత్త ఉయ్యాలని గట్టిగా ఊపేసేను.

"ఒసేయ్! ఖాళీ ఉయ్యాల ఊపకే, పిల్లాడికి అరిష్టం..."

ఆవిడ మాట పూర్తవలేదు. ఫట్‌మని ఆ మూల బోల్టు తెగి, బల్ల అంచు ధనేల్‌మని నేలకి కొట్టుకుంది. గచ్చు పెచ్చు లేచిపోయింది.

మామ్మ గుమ్మంలోనే కూలబడిపోయింది... పిల్లాడు గుండెలకి కరుచుకునే ఉన్నాడు. బాబోయ్, నేను ఇంకొక్క నిమిషం ఆగి ఉంటే వాడు ఆ బల్ల మీదే ఉండేవాడు!

నాన్నగారు టోపీ విప్పేరు. పైన బంగారంలా ఉంది. లోపలినుంచి తుప్పు పొడిపొడిగా రాలింది.

మామ్మ తన చేతులు చూసుకుని, "ఈ చేతుల్తోనే తోమేన్రా..." అని భోరుమంది.

మళ్ళీ అబ్బులు గారొచ్చి కొత్త బోల్టులు వేసేరు. టోపీలు మాత్రం వద్దంది మామ్మ. ఆ రోజునుంచీ పిల్లాణ్ణి పడుకోబెట్టే ముందు ఉత్త ఉయ్యాలని తనే గట్టిగా ఊపి చూసేది. ఇరుగూ పొరుగూ నోళ్ళు నొక్కుకున్నా లెక్కచెయ్యలేదు.

ఇప్పుడు బుజ్జిగాడికే పాప పుట్టింది. ఆన్‌లైన్‌లో ఉయ్యాల తెప్పించేడు. అద్దంలా మెరుస్తోంది... కొక్కేలన్నీ నున్నటి మూతల్లో దాక్కున్నాయి. మొన్న పాపని పడుకోబెట్టబోతుంటే నేను అడ్డం వెళ్ళి ఖాళీగా ఊపేను.

"అదేంటి వదినా, అరిష్టం కదూ!" అన్నాడు.

వాడి నోట అచ్చం మామ్మ మాటే! ఆనాటి సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడన్నీ మూతలేసే వస్తున్నాయి... విప్పి చూసే ఓపిక ఎవరికుంది చెప్పండి? మీ ఇంట్లోనూ ఉయ్యాల ఉంటే, పిల్లల్ని దింపి ఓసారి ఉత్తినే ఊపండి... ఏం వినపడిందో నాకూ చెప్పండి.