వెనక చక్రంలో ప్లాస్టిక్ పళ్ళెం

ఆ పళ్ళెం చిట్లిన సంగతి నా డైరీలో ఒక ఆదివారం కింద రాసి ఉంది. "వెనక చక్రం టకటకమంటోంది. పళ్ళెం రెండు చోట్ల చిట్లింది. చూడాలి." ఆ తర్వాత పదకొండు రోజులు వరసగా "చూడాలి" అనే ఉంది. జిన్నింగు మిల్లులో ఫిట్టరుగా పనిచేసినంత కాలం ఏ యంత్రం గురించీ నేను ఆ మాట రెండోరోజు రాయలేదు.

సైకిలు మనవడిది. వాడు ఇంటర్మీడియట్‌కు గుంటూరు హాస్టలుకు వెళుతూ వదిలిపోయాడు. గేర్ల సైకిలు. పర్చూరు వైపు మా చేల మీద ఎదురుగాలి కొట్టేటప్పుడు ఈ వయసు మోకాళ్ళకు గేర్లు ఎంత ఉపకారం చేస్తాయో తొక్కితేగానీ తెలియదు. దాని వెనక చక్రంలో, గొలుసు తిరిగే పళ్ళ చక్రాలకూ చువ్వలకూ మధ్య ఒక ప్లాస్టిక్ పళ్ళెం ఉంటుంది. గొలుసు జారి చువ్వల్లో పడకుండా తయారుచేసినవాళ్ళే బిగించి ఇస్తారు. మూడు ఎండాకాలాలకు అది పచ్చబడి, పెళుసెక్కి చిట్లింది. చిట్లిన అంచు ఒకటి బయటికి తెరుచుకుని, చక్రం తిరిగిన ప్రతిసారీ గేరు మార్చే ఇనప చేతికి తగిలేది. ముక్క ఊడి గొలుసులో పడితే చక్రం పట్టేస్తుంది, మనిషి ముందుకు పడతాడు. అందుకని దాన్ని తియ్యాలి.

రోజూ ఏడింటికి ఆ సైకిలు మీద మా అక్క దగ్గరికి వెళతాను. పక్క ఊరు, డొంక దారిన మూడు కిలోమీటర్లు. ఆ దారిన ఆటోలు రావు. అక్కకు చూపు సరిగా ఆనదు. నిన్న చెప్పింది ఈరోజుకు నిలవదు, చెవిన పడ్డ చప్పుడు మాత్రం నిలుస్తుంది. ఆమె కోడలు మిరప కోతకు వెళ్ళే ముందు వాకిట్లో మంచం వేసి, ఆమెను కూర్చోబెట్టి పోతుంది. నేను వెళ్ళి ఇడ్లీ తినిపించి, మాత్రలు వేసి, ఎండ ఎక్కేదాకా కూర్చుంటాను. పొద్దుటి ముద్ద ఇంకెవరు పెట్టినా తినదు. పళ్ళెం చిట్లిన దగ్గర్నుంచీ డొంక మలుపులోనే నా చప్పుడు ఆమెకు అందేది. నేను సైకిలు దిగకముందే "వచ్చావట్రా" అనేది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. పోయిన వానాకాలం నేను కల్వర్టు దగ్గర పడ్డాను. మోచెయ్యి దోక్కుపోయింది, అంతే. మా ఆవిడ మాత్రం సైకిలు ఎవరికన్నా ఇచ్చెయ్యమని పట్టుబట్టింది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. నా సైకిలు నేను బాగుచేసుకోగలిగినంత కాలం తొక్కుతాను, బాగుచేసుకోలేని రోజున మానేస్తాను. అది డైరీలో రాయమంది. రాశాను. పైకి చదవమంది. చదివాను. అప్పుడు ఎర్ర పెన్ను తెచ్చి దాని కింద తనే గీత గీసింది.

కాబట్టి పళ్ళెం నేనే తియ్యాలి.

పద్ధతి నాకు తెలుసు. ముందు చక్రం ఊడదియ్యాలి, తర్వాత పళ్ళ చక్రాలున్న ఫ్రీవీలు విప్పాలి, అప్పుడు పళ్ళెం దానంతటది చేతికొస్తుంది. ఫ్రీవీలు విప్పడానికి దాని గాళ్ళలో కూర్చునే పానా వేరే ఉంటుంది. సెంటరులో సైకిలు షాపతన్ని అడిగితే అలాంటిది తన దగ్గర లేదన్నాడు. మనవడికి ఫోను చేస్తే గుంటూరులో మూడు షాపులు తిరిగి, సరిపడేది దొరకలేదన్నాడు. షాపతను బ్లేడు పెట్టి కోసేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. విప్పదీసేదాన్ని కోసేవాణ్ణి మా మిల్లులో మేస్త్రీ పనిముట్ల పెట్టె దగ్గరికి కూడా రానిచ్చేవాడు కాదు.

పన్నెండో రోజు పొద్దున అక్క దగ్గరనుంచి వచ్చాక అరుగు మీద గోతం పరిచాను. పానాలు, స్క్రూడ్రైవర్లు, కిరసనాయిలు గిన్నె, పాత బ్రష్షు వరసగా పెట్టుకున్నాను. చక్రం ఊడదియ్యడానికి గంట పట్టింది. మిల్లులో ఉండగా పది నిమిషాల పని. కుడిచేతి వేళ్ళు నట్టు దగ్గరికి వెళ్ళగానే వణుకుతాయి. దూరంగా పెడితే వణకవు. ఆ తేడా ఎందుకో డాక్టరు కూడా చెప్పలేదు.

పానా లేదు కాబట్టి, చిట్లిన చోట పళ్ళేన్ని తెరిచి, పగిలిన గాజును చేతినుంచి తీసినట్టు మెల్లగా లాగవచ్చునని నా ఆలోచన. పట్టు దొరకాలంటే ముందు పళ్ళెం వెనక పేరుకున్న మట్టి పోవాలి. బ్రష్షుతో రుద్దాను. చేత్తో గీకాను. నల్లమట్టి పెళ్ళలుగా రాలింది. దాని కింద ఎర్రగా ఇంకేదో ఉంది. నూనెతో కలిసి గట్టిపడి ఉంది. అది కూడా మణికట్టు దాకా పులుముకుంటూ గీకాను. అప్పుడు కనురెప్ప మీద ఏదో నలుసు పడ్డట్టయింది. మణికట్టుతో తుడుచుకున్నాను.

పత్తి మిల్లులో రోజంతా దూది నుసి రెప్పల మీద వాలుతూనే ఉంటుంది. అరచేతికి గ్రీజు ఉంటుంది కనుక మణికట్టుతో తుడుచుకుంటాం. నాకు తెలియకుండానే చెయ్యి లేస్తుంది. కానీ చక్రంలో ఉన్నది దూది కాదు. రెండు నెలలుగా డొంకకు రెండు పక్కలా మిరపకాయలు ఎండుతున్నాయి. టార్పాలిన్ పట్టాల మీంచి దారిలోకి దొర్లిన కాయలు తొక్కుకుంటూ రోజూ వెళ్ళి వస్తున్నాను. ఆ గింజలూ, పొట్టూ, కారమూ పోయి పళ్ళెం వెనక చేరాయి. కాయలకు తొడిమలు తీసే ఆడవాళ్ళు పొద్దున్నే చేతులకు నూనె రాసుకుని, సాయంత్రం దాకా మొహం ముట్టుకోరు. వాళ్ళను రోజూ చూస్తూనే వెళ్ళాను.

అది కార్తీకంలో శుక్లం తీయించుకున్న కన్ను.

నేను కేక వేశానట. మా ఆవిడ వచ్చి చెంబుతో నీళ్ళు కొట్టింది, ఇంకా కొట్టింది. రెండో కన్ను తెరుద్దామన్నా తెరుచుకోలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మోకాళ్ళకు తగిలించవద్దని, గోడకు తుడవవద్దని, వాటిని గాల్లో పట్టుకుని కూర్చున్నాను. ఆటోలో పర్చూరు తీసుకెళ్ళింది. డాక్టరు కన్ను కడిగి, లోపల పెట్టిన అద్దం బాగానే ఉందని చెప్పి, నాలుగు రోజులు దుమ్ములోకి వెళ్ళవద్దన్నాడు. గంటకోసారి చుక్కలు వెయ్యాలన్నాడు.

సాయంత్రం గుడ్డ కప్పుకుని పడుకుని ఉండగా అరుగు మీద మాటలు వినిపించాయి. మా ఆవిడ సైకిలు షాపతన్ని పిలిపించింది. బ్లేడు రెండుసార్లు కీచుమంది. ఒకసారి టప్పుమంది. చక్రం బిగించి, అతను గుమ్మం దగ్గరికి వచ్చి చెప్పాడు.

"అయిపోయింది ఫిట్టరు గారూ. దీనికి పానాలెందుకండీ, రెండు కోతలు పెడితే అదే ఊడిపడుద్ది."

సరేనన్నాను. మా ఆవిడ ముక్కలు పారేసింది. ఎర్ర గీత మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మర్నాడు ఏడుంపావుకు ఫోను మోగింది. అక్క కోడలు కలిపి ఇచ్చింది.

"ఏరా, బయలుదేరావా?"

కన్ను బాగాలేదని, నాలుగు రోజులు రాలేనని చెప్పాను. జాగ్రత్త నాయనా అంది. అరగంటకు మళ్ళీ ఫోను. బయలుదేరావా అని. మళ్ళీ చెప్పాను. మళ్ళీ జాగ్రత్త నాయనా అంది, మొదటిసారి విన్నంత కంగారుగా. ఆ రోజు అయిదుసార్లు. మూడోసారికే కోడలు మధ్యలో అందుకుని, ముద్ద ముట్టడం లేదని, తమ్ముడు వచ్చాక తింటానంటోందని చెప్పింది. కూలి మానుకుని ఆ పిల్ల ఇంట్లో కూర్చుంది. రెండో రోజు పాలు తాగిందట. మూడో రోజు మాత్రలు ఉమ్మేసిందట. ఇవి మా ఆవిడ చేత డైరీలో రాయించాను. తేదీ వేసి, టైము వేసి రాసింది. రాయించడం తప్ప నేను చేసిందేమీ లేదు.

అయిదో రోజు నల్ల కళ్ళజోడు పెట్టుకుని సైకిలు బయటికి తీశాను. మా ఆవిడ ఇడ్లీ గిన్నె హ్యాండిలుకు తగిలిస్తూ అంది.

"ఆ గీత నేను గీసింది మీరు పడతారని. మీ అక్క పస్తుండాలని కాదు. ఎక్కండి."

ఎక్కలేదు. రాసింది నేను. ఊతకర్రలా పట్టుకుని సైకిలు నడిపించుకుంటూ వెళ్ళాను. మూడు కిలోమీటర్లకు గంటా పది నిమిషాలు పట్టింది. దారిలో మిరప కళ్ళాల దగ్గర రెండు చోట్ల ఆగి, మొహం మీద తువ్వాలు సర్దుకున్నాను. చక్రం బాగా తిరుగుతోంది. గొలుసు మెత్తటి చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎంత శుభ్రంగా కోశాడో అనుకున్నాను.

అక్క వాకిట్లో మంచం మీద, డొంక వైపు చెవి పెట్టి కూర్చుని ఉంది. గేటు తీశాను. "వచ్చావట్రా" అనలేదు. సైకిలు స్టాండు వేసి, దగ్గరికి వెళ్ళి, నేనే అక్కా అన్నాను.

"ఎవరండీ?" అంది.

నేను అని, తమ్ముణ్ణని, చెయ్యి పట్టుకుని చెప్పాను. చేతిని తడిమి, నెమ్మదిగా వెనక్కి తీసుకుంది.

"మా తమ్ముడు సైకిలు మీద వస్తాడండీ. టకటకమంటూ వస్తాడు. ఇంకా రాలేదు."

తిరిగి సైకిలు దగ్గరికి వెళ్ళాను. వెనక చక్రం ఎత్తి పెడలు తిప్పాను. చక్రం తిరిగింది, గొలుసు మెత్తగా తిరిగింది. గంట కొట్టాను. గంట ఆమెకు ఎవరిదైనా ఒకటే. గిన్నె విప్పి ఇడ్లీ తుంచి పట్టుకుంటే, తల తిప్పుకుని, మా తమ్ముడు రానివ్వండి అంది. కోడలు గుమ్మంలో నిలబడి చూస్తోంది.

ఇడ్లీ గిన్నె ఒళ్ళో పెట్టుకుని, ఆమె పక్కనే మంచం మీద కూర్చున్నాను. ఇద్దరం డొంక వైపు తిరిగి ఉన్నాం. కాసేపటికి నా వైపు వంగి, ఎండ ఎక్కుతోందని, దూరం నుంచి వచ్చినట్టున్నారని అంది.

"అమ్మాయీ, ఈయనకు కాస్త మజ్జిగ ఇవ్వవే. తాగి వెళ్ళండి."