గూడెం రన్‌వే మీద నా అంతరిక్ష నౌక

ఇంట్లో కంప్యూటరు ఉందంటే వీధిలో కాస్త గౌరవం పెరిగే రోజులవి. నేను అప్పట్లో ఏలూరులో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేదాన్ని (అంటే, నిన్న నేర్చుకున్నది ఇవాళ చెప్పేదాన్ని). నా ఈడు పిల్లలు బ్యాంకు పరీక్షలకి చదువుకుంటుంటే నేను మాత్రం కుర్రకారు కోసం సైన్స్ ఫిక్షన్ నవల రాస్తున్నాను. అందులో కొల్లేటి లంకలో పుట్టిన పదిహేడేళ్ల అమ్మాయికి పైలట్ కావాలని కోరిక. మామూలు విమానాలు ఆవిడకి ఆనవు, ఏకంగా అంతరిక్ష నౌకే నడపాలి. నవలల పోటీకి గడువు దగ్గర పడుతోంది, ఆఖరి అధ్యాయం కదలడం లేదు. కారణం సైన్సు. తెలుగులో అందరూ సైన్సుని గాలికి వదిలేసి రాస్తున్నారని నాకు మహా కోపంగా ఉండేది (అప్పటికి నేను చదివినవి రెండో మూడో). నాది రెక్కలున్న నౌక. రన్‌వే మీద పరుగెత్తి లేవాలి. ఎంత దూరం పరుగెత్తాలో లెక్క కట్టేశాను. అంత రన్‌వే మన వైపు ఉందా అన్నదే తేలాలి.

తాడేపల్లిగూడెంలో ఎప్పుడో యుద్ధకాలంలో వేసిన రన్‌వే ఉంది కదా! దాని మీద విమానం దిగగా నేను చూడలేదు గానీ, మా చుట్టాల్లో సగం మంది స్కూటరు నేర్చుకున్నది అక్కడే. మిగతా సగం ధాన్యం ఆరబోసుకున్నారు. కొలవడానికి సాయం రమ్మని పెంటపాడులో ఉన్న బాబాయిని అడిగాను. బాబాయి హైస్కూల్లో డ్రిల్ మాస్టారు. "నవలకా? అయితే పద్ధతిగా కొలవాలమ్మా" అని సెలవు రోజు పొద్దున్నే స్కూటరేసుకుని వచ్చేశాడు. తల మీద తెల్ల టోపీ, మెడలో విజిల్, చేతిలో ఆటల పోటీలకి వాడే పెద్ద టేపు, గీతలు గియ్యడానికి సున్నం డబ్బా. టేపు అయిపోయిన చోటల్లా నేల మీద ఒక గీత గీసి, ఒకసారి విజిల్ ఊదేవాడు. "విజిలెందుకు బాబాయ్?" అంటే "అలవాటమ్మా" అన్నాడు.

అలా కొలుచుకుంటూ పోతే ఒక గీత సరిగ్గా రన్‌వే మీదే వేసిన ఓ పెసరట్ల పాక ముందు పడింది. ఆ పాక నడిపే పెద్దావిడని అందరూ అట్ల మామ్మగారు అంటారని తర్వాత తెలిసింది. ఆవిడ అట్లకాడ పట్టుకుని బయటికొచ్చి, గీతనీ మమ్మల్నీ మార్చి మార్చి చూసి, "ఏవండీ, మళ్లీ విమానాలొచ్చేత్తున్నాయాండీ?" అంది. నేను నోరు తెరిచే లోపే బాబాయి (ఆయన అబద్ధం ఆడడు, అదే ఆయనతో వచ్చిన చిక్కు) "విమానం కాదండీ, అంతకంటే పెద్దదే" అన్నాడు.

అంతే. ధాన్యం తిరగబోస్తున్నవాళ్లు పారలు అక్కడే వదిలేసి వచ్చారు. రెండు ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. నా చేతిలోకి ఉప్మా పెసరట్టు వచ్చింది, అల్లం పచ్చడితో సహా. ఆఫీసర్లమని అనుకుంటున్నారని నాకు సగం అట్టు తిన్నాక గానీ వెలగలేదు. బాబాయికి అదీ వెలగలేదు, రెండో అట్టు అడిగాడు. మామ్మగారు మాత్రం మా మర్యాదల సంగతి పట్టించుకోకుండా ఆ సున్నపు గీత దగ్గరే నిలబడి, "నా పాక గీతకి ఇటేపాండీ, అటేపాండీ? ఇది తీసేత్తే నాకింకేం లేదండీ" అంది. చేతిలో అట్టు పక్కన పెట్టేశాను.

"మేం ఆఫీసర్లం కాదండీ, నేను కథ రాసుకుంటున్నాను" అని మొత్తుకున్నాను. "ముందు అలాగే చెబుతారండి" అన్నాడు పార పట్టుకున్నాయన. ఇక లాభం లేదని సంచిలోంచి కాగితాలు తీసి, కుర్చీ ముందు నిలబడి ఆఖరి అధ్యాయం గట్టిగా చదవడం మొదలుపెట్టాను. బాగానే విన్నారు. మా లంక పిల్ల హెల్మెట్ పెట్టుకునే చోట ఒకరిద్దరు "ఆహా" అన్నారు కూడా. ఆ ఊపులో తర్వాతి వాక్యం చదివేశాను: 'ఆమె ప్రయాణం కోసం ప్రభుత్వం రన్‌వే మీద ఉన్నవన్నీ ఒక్క రాత్రిలో తొలగించింది.'

"మమ్మల్ని ఎక్కడికి పంపేశారండీ?" అంది మామ్మగారు.

"అది... నవల్లో రాయలేదండీ."

"ఆ పిల్ల మంచిదాన్లాగే ఉందండి. ఈ సంగతి తెలిసే ఎక్కిందంటారా?"

నా నాయిక గురించి అన్ని నెలలుగా నాకు తట్టని ప్రశ్న అది. సిగ్గేసింది. వెంటనే చర్చ మొదలైంది. బాబాయి నౌకని ఇక్కడ కాస్త వంపు తిప్పుదామన్నాడు, పరుగుపందెంలో తిప్పినట్టు. ఎవరో ఏలూరు నుంచి లేపమన్నారు. "ఏలూరులో ఇళ్లు లేవేంటండీ?" అని ఇంకొకరు అడ్డుపడ్డారు. చివరికి మామ్మగారే, "తారాజువ్వలాగా నిలువుగా లేపెయ్యకూడదాండీ?" అంది.

"రెక్కలున్న నౌకండీ, సైన్సు ఒప్పుకోదు."

"రాసేది మీరే కదండీ?"

అక్కడే కూర్చుని ఆ వాక్యం కొట్టేశాను. మా లంక పిల్ల పాక దాకా వచ్చి బ్రేకు వేస్తుంది, దిగి పెసరట్టు తిని, చెయ్యి కడుక్కుని ఎక్కుతుంది, నౌక ఉన్నచోటే నిటారుగా లేస్తుంది. చదివి వినిపిస్తే చప్పట్లు కొట్టారు, బాబాయి విజిల్ వేశాడు. మామ్మగారు మాత్రం లోపలికెళ్లి బిందెడు నీళ్లు తెచ్చి గీత మీద కుమ్మరించి, చీపురుతో ఊడ్చేసి, అప్పుడు నవ్వింది.

నవల పంపిన కొన్నాళ్లకి పోటీవాళ్లు ఫోన్ చేశారు. పెద్దాయన గొంతు. "నవల బాగుందమ్మా. ఆ రెక్కల నౌక రన్‌వే మధ్యలో ఆగి నిలువుగా లేవడమే అస్సలు నమ్మేలా లేదు. సైన్సు చూసుకోవాలి కదా! ఆ పాకేదో అడ్డొస్తే తీయించేసెయ్, ఒక్క వాక్యం చాలు. బహుమతికి చూద్దాం" అన్నారు. సైన్సు గురించి నాకే చెబుతారా అని ఒళ్లు మండింది, పైగా ఆయన చెప్పింది నిజం కూడాను. "తీయనండీ" అని ఫోన్ పెట్టేశాను. బహుమతి ఎవరికో వెళ్లిపోయింది.

ఆ తర్వాత చాలా రాశాను. ఎడిటర్లు ఏది తీయమంటే అది తీసి, ఎలా మార్చమంటే అలా మార్చి ఇచ్చాను, ఒక్కోసారి వాళ్లు అడగకముందే. అప్పుడప్పుడు, తీయనండీ అని ఫోన్ పెట్టేసిన ఆ పొగరుబోతు పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. కాస్త అసూయగా కూడా ఉంటుంది.